దీవికి పల్లెవెలుగు

విజయవాడ నుంచి దివిసీమకు సొంత బండి లేకుండా వెళ్ళిరావచ్చు. బస్సు, ఆటో, ఏరు దాటించే పంటు, వీటి వేళలు తెలిస్తే చాలు. అలా వెళ్ళినవాళ్ళకే ఆ సీమ సరిగా కనబడుతుంది.

దీవి అనగానే మనవాళ్ళకు మాల్దీవులు, బాలి గుర్తొస్తాయి. ఇంకాస్త దగ్గరగా అంటే అండమాన్. విమానం టికెట్టు, హోటలు గది, తిరగడానికి కారు అన్నీ కలిపి ప్యాకేజీగా కొనుక్కుని వెళ్ళొస్తున్నారు. బెంజి సర్కిల్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ఒక పక్క కృష్ణ పెద్ద పాయ, ఇంకో పక్క చిన్న పాయ, దిగువన బంగాళాఖాతం చుట్టుకుని ఉన్న దివిసీమ కూడా ఉష్ణమండలపు దీవే. అక్కడ కొబ్బరి చెట్లున్నాయి, మడ అడవులున్నాయి, నది సముద్రంలో కలిసే చోటుంది, నీళ్ళు దాటితే తప్ప చేరలేని లంకలున్నాయి. దీనికి ప్యాకేజీ అక్కర్లేదు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో అవనిగడ్డ బస్సెక్కితే సరిపోతుంది.

ఖర్చు తక్కువని మాత్రమే ఈ మాట చెప్పడం లేదు. ఆదివారం పొద్దున్నే కారేసుకుని బయల్దేరినవాళ్ళు మోపిదేవిలో దర్శనం చేసుకుని, హంసలదీవిలో ఫొటోలు దిగి, దారిలో భోంచేసి చీకటిపడేలోపు ఇల్లు చేరతారు. సీమ మొత్తం అద్దాల బయటే ఉండిపోతుంది. బస్సులో వెళ్ళేవాళ్ళకు ఆ సౌకర్యం లేదు. ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి, ఎక్కడో ఒకచోట ఆగాలి, పంటు ఎప్పుడొస్తుందో అడగాలి. అడిగిన ప్రతిసారీ ఊరు కొంచెం తెలుస్తుంది.

దివిసీమకు రైలు లేదు. మచిలీపట్నం నుంచి రేపల్లెకు లైను వేయాలన్న కోరిక తరాల నాటిది. అందుకని ఇక్కడ బస్సే రైలు. విజయవాడ నుంచి రెండు దారులున్నాయి. మొదటిది బందరు రోడ్డు మీదుగా కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. అక్కడ కుడికి తిరిగి కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. రెండోది కృష్ణ కరకట్ట మీదుగా తోట్లవల్లూరు వైపు నుంచి. మొదటి దారిలో బస్సులు ఎక్కువ, రెండో దారిలో చూడాల్సింది ఎక్కువ. కరకట్ట దారిలోనే శ్రీకాకుళం ఉంది. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఆంధ్ర మహావిష్ణువు శ్రీకాకుళం. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాయడానికి కారణమైన కల ఇక్కడే వచ్చింది. తెలుగు చదువుకున్నవాళ్ళెవరైనా ఈ స్టాపులో ఒకసారి దిగాలి. బందరు రోడ్డున వెళితే కూచిపూడిలో దిగవచ్చు. సిద్ధేంద్రయోగి పేరున నడుస్తున్న కళాపీఠం అక్కడుంది. చల్లపల్లిలో రాజావారి కోట, అక్కడికి దగ్గర్లో ఘంటసాల బౌద్ధ స్తూపం, మ్యూజియం ఉన్నాయి. బస్సు ప్రయాణంలో ఉన్న గొప్ప వెసులుబాటు ఇదే. ఒక బస్సు దిగి, చూసి, వెనకొచ్చే బస్సెక్కవచ్చు. అద్దె కారు గంటలు లెక్కపెడుతుంది, ఆర్టీసీ బస్సు లెక్కపెట్టదు.

ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కాస్త ముందు చేరతారు. చుట్టం చూపుగా కాకుండా తెలుసుకోవడానికి వెళ్ళేవాళ్ళకు మాత్రం పల్లెవెలుగునే సిఫారసు చేస్తాను. అది ఉయ్యూరు చెరకు బండ్ల వెనక నెమ్మదిగా నడుస్తుంది, పామర్రులో జనాన్ని దించి మళ్ళీ నింపుకుంటుంది, చల్లపల్లి దాటాక సగం మందిని డ్రైవరు పేరుపెట్టి పలకరిస్తాడు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకోవడం ఇంకా పోలేదు. అది న్యాయమా కాదా అన్న తగువు కూడా పోలేదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు తువ్వాలున్న సీట్లో కూర్చోకపోవడం మంచిది. దాని వెనక బస్టాండులో చంటిబిడ్డతో నిలబడ్డ తల్లి ఉండొచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి ఈ బస్సుల రూపు మారింది. స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్ళకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపిస్తే కండక్టరు టికెట్టు మిషన్‌లో సున్నా టికెట్టు కొట్టిస్తాడు. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చినవాళ్ళు టికెట్టు కొనుక్కోవాలి. అది సబబే. పథకం వచ్చాక బస్సులో రద్దీ పెరిగిందని విసుక్కునే మగవాళ్ళు కనబడతారు. నాకు కనబడేది వేరు. అవనిగడ్డ ఆసుపత్రికో, చల్లపల్లి బజారుకో, మోపిదేవి మొక్కుకో వెళ్ళాలంటే చార్జీ డబ్బుల కోసం ఇంట్లో ఒకరిని అడగాల్సి వచ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు ఎవరినీ అడక్కుండా బస్సెక్కుతున్నారు. చూడ్డానికి వెళ్ళిన మనం ఆ బస్సులో నిలబడి వెళ్ళాల్సి వస్తే నిలబడదాం.

మోపిదేవి దాకా ఏ ఇబ్బందీ ఉండదు. సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుడి ఉంది కాబట్టి పుట్టువెంట్రుకలు తీయించేవాళ్ళు, చెవులు కుట్టించేవాళ్ళు, నాగపూజలకు వచ్చేవాళ్ళు రోజంతా ఉంటారు, వాళ్ళకోసం బస్సులూ ఉంటాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. అక్కడ పాయ దాటితే దీవిలో అడుగుపెట్టినట్టే. బస్సులో నిద్రపోతున్నా ఇక్కడ లేవాలి. నది పాయ మీదుగా కట్టిన అక్విడక్టు మీద కాలువ పారుతుంటుంది. కింద ఏరు సముద్రం వైపు, పైన సాగునీరు దీవి పొలాల వైపు. సముద్రపు ఉప్పు ఎగదన్నే నేలలో వరి పండుతున్నదంటే ఈ కాలువ పుణ్యమే.

అవనిగడ్డ దీవికి గుమ్మం. ఆర్టీసీ డిపో ఉంది, లాడ్జీలున్నాయి, టీచరు ఉద్యోగాల కోచింగుకు రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్ళతో మెస్సులు కళకళలాడుతుంటాయి. మండలి వెంకట కృష్ణారావు పుణ్యమా అని వెలిసిన గాంధీ క్షేత్రం ఉంది. రాత్రి ఉండదలచుకుంటే ఇక్కడే ఉండాలి. ఇక్కడి నుంచి బస్సుల లెక్క మారిపోతుంది. విజయవాడ వైపు వెళ్ళే బస్సు తప్పిపోతే ఇంకోటి ఉంటుంది. కోడూరు వైపో, నాగాయలంక వైపో లోపలికి వెళ్ళే బస్సు తప్పిపోతే చాలాసేపు ఎదురుచూడాలి. ప్రపంచంలో ఏ దీవిలోనైనా ఇంతే. పెద్ద ఊరి నుంచి పెద్ద ఊరికి బస్సులు దండిగా ఉంటాయి, చివరి ఊరికి పొద్దుటొకటీ సాయంత్రమొకటీ. ఆ బస్సుల వేళ పర్యాటకుడి కోసం పెట్టింది కాదు. పొద్దున బడిపిల్లలు, కూలీలు, చేపల గంపలు బయటికి రావడానికి, సాయంత్రం తిరిగి చేరడానికి పెట్టింది. మనం వాళ్ళకు ఎదురు దిశలో ప్రయాణిస్తాం. కాబట్టి అవనిగడ్డ బస్టాండులో దిగగానే ముందు చూడాల్సింది లోపలికి వెళ్ళే బస్సు కాదు, లోపలి నుంచి తిరిగొచ్చే ఆఖరి బస్సు ఎన్నింటికి అని. గోడ మీది పట్టికను ఒక్కదాన్నే నమ్మకుండా కంట్రోలరును అడగాలి. ఆయన చెప్పినదాన్ని బస్టాండు టీకొట్టులో ఖాయం చేసుకోవాలి.

హంసలదీవికి వెళ్ళాలంటే కోడూరు బస్సెక్కాలి. కోడూరు దాటాక బస్సు కుదిరితే సరే, లేదంటే షేర్ ఆటో. వేణుగోపాల స్వామి గుడి దగ్గర దిగితే సముద్రం వచ్చేసిందనుకోకూడదు. అక్కడి నుంచి పాలకాయతిప్ప మీదుగా తీరానికి ఇంకా నాలుగైదు కిలోమీటర్లుంది. ఆ దారి రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటిలో తిరిగే ఏరేటర్లు, ఆపైన మడ అడవి మొదలవుతుంది. ఆటోవాళ్ళతో రానూపోనూ కలిపి ముందే మాట్లాడుకోవాలి, దింపేసి వెళ్ళిపోతే తీరంలో తిరుగు బండి దొరకదు. కృష్ణ సముద్రంలో కలిసే సాగర సంగమం చూడ్డానికి ఎంత బాగుంటుందో దిగడానికి అంత ప్రమాదం. పైకి మెల్లగా కనబడే నీటి అడుగున నదీ సముద్రమూ పెనుగులాడుతుంటాయి. మాఘ పౌర్ణమి నాడు మాత్రం వేల మంది స్నానాలకు వస్తారు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, ఆ రోజు ఒడ్డున మనుషుల కాపలా ఉంటుంది. మిగతా రోజుల్లో కాళ్ళు తడుపుకుని వెనక్కి రావడమే. చలికాలం చివర్లో ఈ తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుక మీద బండి తిప్పకుండా నడిచి వచ్చేవాళ్ళే వాటికి మేలు చేసేవాళ్ళు.

పంటు దగ్గర

నాగాయలంక బస్సులో కూర్చుంటే మాటలు మారతాయి. అందరూ అడిగేది ఒక్కటే.

“ఏమయ్యా కండక్టరూ, పంటు అందుద్దా?”

“అందుద్దిలే పెద్దమ్మా. దిగగానే ఏటిమొగ ఆటో ఉంటది, ఎక్కెయ్యి.”

నాగాయలంక శ్రీరామపాద క్షేత్రం ఘాటు దగ్గర నది విశాలంగా ఉంటుంది. సరదా బోటింగు కోసం వచ్చేవాళ్ళు అక్కడ ఆగుతారు. దీవిలో దీవిని చూడాలనుకునేవాళ్ళు ఇంకొంచెం దూరం, ఏటిమొగ రేవుకు వెళ్ళాలి. రేవు అవతల ఎదురుమొండి. దాని వెనక నాచుగుంట, ఇంకా అవతల ఈలచెట్లదిబ్బ. బయటి లోకంలోకి రావడానికి ఎదురుమొండి జనానికి ఉన్న దారి ఈ పంటే.

పంటు అంటే రెండు పడవల మీద బల్లలు పరిచి బిగించిన పెద్ద తెప్ప, పక్కన ఇంజను. రేవుకు వాలుగా దిగే దారిలోంచి ముందు మోటారు సైకిళ్ళు ఎక్కిస్తారు. వాటిని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టడంలో ఒక పద్ధతి ఉంది. బరువు ఒక పక్కకు పోకుండా సరంగు కళ్ళతోనే కొలిచి చేత్తో సైగ చేస్తాడు. బండ్ల తర్వాత సరుకు. గ్యాసు సిలిండర్లు, బియ్యం బస్తాలు, సిమెంటు, రొయ్యల మేత సంచులు, ఐసు పెట్టెలు. మిగిలిన సందుల్లో మనుషులు. స్కూలు యూనిఫారంలో ఉన్న పిల్లలు రెయిలింగు పక్క చోటు కోసం పోటీపడతారు. ఇంజను అదిరినప్పుడు కాళ్ళ కింద బల్లలన్నీ ఒక్కసారిగా వణుకుతాయి, ఆ వణుకు కాసేపటికి అలవాటవుతుంది. సముద్రం పోటు మీద ఉంటే అవతలి రేవు చక్కగా అందుతుంది. పాటు వేళ నీరు తీసేస్తే ఒడ్డున బురద బయటపడుతుంది, పంటు ఒడ్డుకు దూరంగా ఆగుతుంది. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాలి. బయటివాళ్ళకు అది ముచ్చట. బస్తా మోసుకొచ్చేవాళ్ళకు అదనపు చాకిరీ.

ఈ పంటు మీద చోటు ఎవరిది అన్న ప్రశ్న పర్యాటకుడు తనకు తాను వేసుకోవాలి. అండమాన్‌లో ఈ ప్రశ్నకు ప్రభుత్వమే ఒక జవాబు చెప్పింది. అక్కడి ప్రభుత్వ ఓడల్లో దీవివాసులకు తక్కువ చార్జీ, బయటివాళ్ళకు ఎక్కువ చార్జీ. ఆ దీవుల్లో మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. రాజధాని బస్సుల్లో, జెట్టీల దగ్గర తెలుగు ధారాళంగా వినబడుతుంది. హావ్‌లాక్ ఓడ, అదే 2018 చివర్లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన దీవికి వెళ్ళే ఓడ, సెలవుల్లో పర్యాటకులతో నిండిపోతే ఆసుపత్రికి వెళ్ళాల్సినవాడు ఒడ్డున ఉండిపోతాడు. చార్జీలో తేడా, సీట్లలో తేడా ఆ బాధను గుర్తించినందువల్ల పెట్టినవి. మనవాళ్ళు ఉన్న ఇంకో ఉష్ణమండల దీవి మారిషస్‌లో 2005 నుంచి చదువుకునే పిల్లలకూ, వృద్ధులకూ బస్సు ఉచితం. పర్యాటకుల మీద బతికే దేశం కూడా తన బస్సును ముందు తనవాళ్ళ కోసం నడుపుకుంటుంది. ఏటిమొగలో అలాంటి నియమం రాసి పెట్టలేదు. రాసి పెట్టకపోయినా పాటించవచ్చు. బడి వేళ, ఆసుపత్రి వేళ పొద్దుటి పంట్లను వదిలేసి, రద్దీ తగ్గాక ఎక్కితే మన ఆదివారానికి నష్టం లేదు.

నీళ్ళ విషయంలో అశ్రద్ధ ఎంత ఖరీదైనదో విజయవాడకు ఒకసారి తెలిసొచ్చింది. 2017 నవంబరు 12, కార్తిక మాసపు ఆదివారం, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు. ఆ పడవకు అనుమతి లేదు. అందుకే భవానీ ద్వీపానికైనా సరే, అధికారిక ఘాటు నుంచి టికెట్టిచ్చి, లైఫ్ జాకెట్టు తొడిగించే బోటు తప్ప ఇంకోటి ఎక్కకూడదు. నాగాయలంక చుట్టుపక్కల మడ అడవుల్లోకి, లైట్‌హౌస్ వైపుకి తీసుకెళతామనే పడవల విషయంలోనూ ఇదే పట్టుదల ఉండాలి. ఆ అడవి కృష్ణా అభయారణ్యం. బావురుపిల్లి తిరిగే చోటు. అటవీ శాఖ అనుమతి ఉందా అని అడగడానికి మొహమాటపడవద్దు. లైఫ్ జాకెట్టు లేదంటే ఒడ్డునే ఉండిపోండి.

నది ఎప్పుడు దారి మూసేస్తుందో తెలుసుకోవడం కూడా ప్రయాణంలో భాగమే. జులై నుంచి అక్టోబరు దాకా దివిసీమ వెళ్ళేముందు ప్రకాశం బ్యారేజీ వార్త చూసుకోవాలి. 70 గేట్ల నుంచి వదిలే నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. కిందికి నీరు పెరిగితే మొదట ఆగేది రేవుల్లోని పంట్లు, పడవలే. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలినప్పుడు లంక గ్రామాలు ఎలా మునిగాయో అందరం చూశాం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు తుఫాన్ల నెలలు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయింది. అధికారిక లెక్కల్లోనే చనిపోయినవాళ్ళు పది వేలకు తక్కువ కాదు. సొర్లగొంది లాంటి ఊళ్ళ పేరు చెబితే ఈనాటికీ పెద్దవాళ్ళ గొంతు మారుతుంది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన ఆ రాత్రి గురించి చెప్పడం మొదలుపెడితే వినండి. మీరుగా తవ్వి అడగవద్దు.

ఈ డెల్టాలో జనం కలిసి ప్రయాణించడం కొత్త కాదు. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక కాలువలే రోడ్లయ్యాయి. బెజవాడ నుంచి ఏలూరు కాలువలో గోదావరి వైపు, కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పడవలు నడిచాయి. ధాన్యం ఎక్కిన పడవలోనే జనమూ ఎక్కారు. కట్ట మీద మనుషులు తాడు పట్టి లాగితే పడవ సాగేది. బస్సులొచ్చాక ఆ పడవలు పోయాయి. ఆ వరసలో ఇంకా పని చేస్తూ మిగిలినది రేవుల్లోని పంటు.

ఏం కావాలి

వచ్చేవాళ్ళ కోసం పెద్ద హంగులు అక్కర్లేదు. అవనిగడ్డ బస్టాండులో ఒక బోర్డు కావాలి. కోడూరు, హంసలదీవి, నాగాయలంక వైపు మొదటి బస్సు, ఆఖరి బస్సు, ఏటిమొగ పంటు వేళలు, ఆ రోజు పంటు నడుస్తోందా లేదా అన్నది అందులో తెలుగులో రాసి ఉండాలి. అది మనకు ఎంత ఉపయోగమో, నాచుగుంట నుంచి పురిటికి వచ్చిన కూతుర్ని చూడ్డానికి బయల్దేరిన తల్లికి అంతకన్నా ఎక్కువ ఉపయోగం. నాగాయలంక బస్సు వచ్చే వేళకూ ఏటిమొగలో పంటు కదిలే వేళకూ పొంతన ఉండాలి. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే గంట నిలబడే పరిస్థితి ఉండకూడదు. హంసలదీవి గుడి నుంచి తీరానికి శని, ఆదివారాల్లో ఒక చిన్న బస్సు నాలుగు విడతలు తిరిగితే ఆ సన్నని రోడ్డు మీద కార్ల బారు తగ్గుతుంది, ఇసుకలోకి బండ్లు దిగడం తగ్గుతుంది. రేవు దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కావాలి. ఇంతకన్నా ముందు కావాల్సింది ఏమీ కనబడలేదు నాకు.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారినే రావక్కర్లేదు. పులిగడ్డ–పెనుమూడి వారధి మీదుగా రేపల్లె బస్సెక్కితే కృష్ణ పెద్ద పాయను దాటి బాపట్ల జిల్లాలోకి వెళతారు. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది, తెనాలి నుంచి విజయవాడకు రైళ్ళకు కొదవ లేదు. బస్సులో వెళ్ళి, రైల్లో తిరిగొస్తే కృష్ణ డెల్టాను రెండు ఒడ్ల నుంచీ చూసినట్టవుతుంది. ఆ వారధి లేనప్పుడు ఇక్కడా పడవలే దిక్కు. వారధి కట్టాక పడవ రేవు పోయిందని బాధపడ్డవాళ్ళెవరూ నాకు తగల్లేదు.

ఎదురుమొండికి కూడా వంతెన కావాలని జనం ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. పంటు మీద కూర్చుని సాయంకాలం ఎండను చూసి మురిసినవాళ్ళం, వంతెన వస్తే ఈ అందం పోతుందని అనకూడదు. రాత్రి నొప్పులొచ్చిన గర్భిణిని రేవు దాకా తెచ్చి, పంటు కోసం కేకలేసే ఇంటివాళ్ళకు అందులో అందం ఉండదు. వంతెన రావాల్సిందే. వచ్చిన రోజున దాని మీద మొదట నడవాల్సింది కార్లు కాదు, నాగాయలంక నుంచి ఎదురుమొండి మీదుగా నాచుగుంట దాకా వెళ్ళే పల్లెవెలుగు. బండి కొనుక్కోలేని ఇళ్ళు ఆ లంకల్లో చాలా ఉన్నాయి. వంతెన కట్టి బస్సు వేయకపోతే వాళ్ళకు పంటూ పోతుంది, దారీ దొరకదు. ఆ రూటు పేరు, ఆ బస్సు వేళలు వంతెన పని మొదలైన నాడే అవనిగడ్డ డిపోలో రాసి పెట్టాలి.